పాచి పురాణం

మొన్న ఫిబ్రవరిలో మా ఊరి వాట్సాప్ గుంపులో ఒక ఫోటో పడింది. ఆంజనేయస్వామి గుడి పక్కన, చెరువు కట్ట కింద ఉన్న కోనేరు. నీళ్ళు కనబడటం లేదు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చిక్కటి పచ్చపాచి. కింద ఒకాయన ప్రశ్న: "దీన్ని రాళ్ళేసి పూడ్చి పైన కల్యాణమండపం కట్టుకుందామా, లేక ఒక బస్తా మైలతుత్తం కొట్టి బాగు చేద్దామా?" ఊరేమో అనంతపురం జిల్లాలో, ఓట్లేసేవాళ్ళేమో బెంగుళూరు, హైదరాబాదు, డాలస్‌లలో. గంటలో నలభై మెసేజీలు. మెజారిటీ మైలతుత్తానికే. చందాలు కూడా మొదలయ్యాయి.

అంతలో ఎవరో నా పేరెత్తారు. "మనోడి ఇంటెనక స్విమ్మింగ్ పూల్ ఉంది కదా, వాణ్ణి అడగండి" అని. తప్పు నాదే. ఇల్లు కొన్న కొత్తలో ఆ పూలు ఫోటో నేనే గుంపులో పెట్టుకుని మురిసిపోయాను. అలా ఆస్థాన పాచి నిపుణుణ్ణి అయిపోయాను. వాళ్ళకి తెలీనిదేమిటంటే, అంతకు ముందు ఎండాకాలమంతా అదే పాచితో నేను ఓడిపోతూ వచ్చాను.

ఆ సంగతి కాస్త చెప్పాలి, తర్వాత చరిత్రలోకి పోదాం. మా పెరటి కొలను 18 వేల గ్యాలన్లు, అంటే దాదాపు 68 వేల లీటర్లు. జూన్‌లో పచ్చబడింది. షాపతను షాక్ ఇవ్వమన్నాడు (క్లోరిన్ మామూలు కన్నా బాగా ఎక్కువ మోతాదులో గుమ్మరించడాన్ని అలా అంటారు). ఇచ్చాను. రెండ్రోజులు నీలం, నాలుగో రోజు మళ్ళీ పచ్చ. బ్రష్షుతో గోడలు రుద్దాను, పాచిమందు పోశాను, మళ్ళీ షాక్ ఇచ్చాను. మళ్ళీ పచ్చ. ప్రొడక్షన్ సర్వర్ని పొద్దునా సాయంత్రం రీస్టార్ట్ చేస్తూ కాలం గడిపే టీముల్ని చూసి నవ్వేవాణ్ణి. ఆరు వారాలు నేను చేసింది అదే.

చివరికి తేలిందేమిటంటే, నేను రోజూ వేసే క్లోరిన్ బిళ్ళల్లో సయనూరిక్ ఆమ్లం అని ఒకటి ఉంటుంది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడటం దాని పని. చిక్కెక్కడంటే, క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మిగిలిపోతుంది. నీళ్ళు ఆవిరైనా ఇది పోదు. ఏళ్ళ తరబడి బిళ్ళలు వేస్తే పేరుకుపోయి, కాపాడాల్సిన క్లోరిన్‌ని కట్టేసి కూర్చుంటుంది. టెస్టులో క్లోరిన్ ఉన్నట్టే కనబడుతుంది, పని మాత్రం చెయ్యదు. ఇంట్లోవాళ్ళు చెయ్యగలిగిన మందు ఒక్కటే: సగం నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పట్టడం. సగమంటే 34 వేల లీటర్లు. మా వైపు ఎండాకాలం ఊళ్ళోకొచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే దాదాపు ఏడు ట్యాంకర్లు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి ఆ పంపు స్విచ్ వెయ్యడానికి చెయ్యి ఎలా వస్తుందో మీరే ఊహించుకోండి. వేశాను. నాయనకి మాత్రం చెప్పలేదు.

ఇంతకీ కోనేరు. జవాబు చెప్పే ముందు, అసలు మనవాళ్ళు ఇన్ని వందల ఏళ్ళు పాచితో ఎలా వేగారో చూద్దామని పాత పుస్తకాలు తిరగేశాను. తిరగేసిన కొద్దీ మైలతుత్తం మీద మనసు విరిగింది.

అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు దోచుకుంటాయి, ఈశాన్యం వాన మా దాకా వచ్చేసరికి అలసిపోతుంది. దేశంలో జైసల్మేరు తర్వాత మాదే అని బళ్ళో పిల్లలు కూడా చెబుతారు, అదేదో రెండో ర్యాంకు వచ్చినట్టు. ఇలాంటి చోట బతకాలంటే కురిసిన నాలుగు చినుకుల్ని కట్టేసి ఉంచుకోవాలి. అనంతపురం పుట్టుకే ఒక చెరువుతో ముడిపడి ఉంది. 1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకి అడ్డంగా కట్ట వేయించాడనీ, కట్టకి రెండు కొసల్లో వెలిసిన ఊళ్ళకి రాజు పేరున బుక్కరాయసముద్రమనీ, రాణి అనంతమ్మ పేరున అనంతసాగరమనీ పేర్లు పెట్టారనీ చెబుతారు. ఆ రెండో పేరే తర్వాత అనంతపురమయింది. ఆ కట్ట తెగబోతే ఊరి కోడలు ముసలమ్మ తనని తాను బలి ఇచ్చుకుందన్న కథ మా వైపు అందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణం'కి మూలం ఆ కథే.

ఐదేళ్ళ తర్వాత, 1369లో, పక్కనే కడప సీమలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు పోరుమామిళ్ళ చెరువు కట్టించాడు. అక్కడి శాసనం మన వృత్తి వాళ్ళందరూ ఒకసారి చదవాలి. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెప్పడమే కాదు, మంచి చెరువుకి ఉండాల్సిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని జాబితా చెక్కించారు. చవుడు నేల ఒక దోషం, కట్ట కారడం ఇంకో దోషం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం మరో దోషం (ఈ మూడోది నేటికీ పని చేస్తున్న బగ్గు. నదీజలాల ట్రిబ్యునళ్ళని అడగండి). ఆరు వందల యాభై ఏళ్ళ నాటి డిజైన్ డాక్యుమెంటు, అదీ రాతి మీద. ఎవడూ ఎడిట్ చెయ్యలేడు.

కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. చెరువు కట్టినవాడికో, దాన్ని మరమ్మతు చేసేవాడికో దశబంధం ఇనాం అని భూమి ఇచ్చేవారు. దాని ఆదాయంతో పూడిక తియ్యాలి, కట్ట గట్టి చెయ్యాలి, తూము చూసుకోవాలి. అంటే ప్రాజెక్టుతో పాటే మెయింటెనెన్స్ బడ్జెట్ కూడా అన్నమాట. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి ప్రధాన కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రో ఈ చెరువులన్నీ చూసి ఒప్పుకున్నది ఇదే: ఇక్కడ చెరువుకి అనువైన చోటు అన్నదల్లా ఈ జనం ఎప్పుడో వాడేశారు, కొత్తగా కట్టడానికి దాదాపు జాగా మిగల్లేదు అని.

ఇదంతా పాచికి ఎందుకంటారా? అక్కడికే వస్తున్నా.

పాచికి కావలసినవి మూడు. ఎండ, కదలని నీళ్ళు, తిండి. ఎండ మా వైపు ఉచితం. తిండి సంగతి మాత్రం సైన్సుకి కూడా తేలడానికి చాలా కాలం పట్టింది. 1960లలో అమెరికా, కెనడా చెరువులు పచ్చబడుతుంటే, కారణం కర్బనమా, నత్రజనా, భాస్వరమా అని పెద్ద గొడవ. సబ్బుల కంపెనీలకి అది భాస్వరం కాకుండా ఉంటే బాగుండును, వాళ్ళ పౌడర్ల నిండా అదే కాబట్టి. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే ఆయన కెనడాలోని ఒంటారియోలో ఒక చెరువుని నడుం దగ్గర తెర కట్టి రెండుగా విడదీశాడు. ఒక వైపు కర్బనం, నత్రజని కలిపాడు. రెండో వైపు ఆ రెండింటికీ భాస్వరం చేర్చాడు. కొన్ని వారాల్లో ఒక వైపు తేటగా, ఒక వైపు పచ్చగా. విమానంలోంచి తీసిన ఆ ఫోటో ఒక్కటీ వంద పేపర్ల పని చేసింది. నా దృష్టిలో ఇంతకన్నా అందమైన డీబగ్గింగ్ లేదు.

ఇప్పుడు మా చెరువులూ కోనేర్లూ చూడండి. పశువుల పేడ, రాలిన ఆకులు, గుడ్డలుతికిన సబ్బు, పొలాల మీంచి కొట్టుకొచ్చే మట్టి, వీటన్నిటితోనూ వచ్చే భాస్వరం అడుగున ఒండ్రులో చేరుతుంది. చేరి ఊరుకోదు. ఎండాకాలం అడుగున ప్రాణవాయువు తగ్గినప్పుడు మళ్ళీ నీళ్ళలోకి వదులుతుంది. పైన పాచిని ఎన్నిసార్లు చంపినా, చచ్చిన పాచి అడుక్కి పోయి రేపటి పాచికి ఎరువవుతుంది. అందుకే పూడిక తియ్యడమంటే చెరువు లోతు పెంచడం మాత్రమే కాదు, పాచి అన్నం కుండని ఎత్తుకుపోవడం. ఎత్తుకుపోయి ఎక్కడ వేసేవారు? పొలంలో. అక్కడ భాస్వరం కరువు, ఇక్కడ ఎక్కువ. చెరువు మట్టి తోలుకున్న పొలం మూడేళ్ళు మాట్లాడుతుందని మా అవ్వ అనేది. ఆవిడకి షిండ్లర్ తెలీదు.

అవ్వ చెప్పిన ప్రకారం మా కోనేరుకి ఏటా ఒకసారి, ఉగాది దాటాక, తోడుడు ఉండేది. రెండు వైపులా కపిలలు కట్టి ఎద్దులతో తోడేవారు. (తెలీనివాళ్ళకి: కపిల అంటే తోలు బాన, దాన్ని ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి దిగుతూ లాగుతాయి.) అడుగు కనబడ్డాక గంపలతో మట్టి ఎత్తి, మెట్లకు పట్టిన జారుడు పాచిని కొబ్బరి పీచుతో, ఇసుకతో రుద్ది, సున్నం కొట్టి, రెండ్రోజులు ఎండకి వదిలేవారు. తర్వాత చెరువు ఊట అదే వచ్చి నిండేది. పెద్ద చెరువులకైతే తోడే పని కూడా లేదు. కరువే ఆ పని చేసేది. వేసవిలో చెరువు ఎండి నోళ్ళు తెరిస్తే అడుగు పాచి మాడిపోయేది, బండ్లు నేరుగా లోపలికి దిగేవి. అనంతపురానికి ఎండే శాపం అంటారు గానీ, నీళ్ళకి అదే వైద్యం కూడా.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే పాతకాలమంతా బంగారం అన్న టపాల్లో ఇదొకటి అయిపోతుంది. ఆ మట్టి ఎత్తిందెవరు? ఎక్కువగా దళితవాడ వాళ్ళు, అదీ చాలాసార్లు వెట్టికి. శుభ్రం చేశాక ఆ కోనేట్లో కడవ ముంచే హక్కు వాళ్ళకి లేదు. ఎవరైనా పైనుంచి పోస్తే పట్టుకోవాలి. అవ్వ ఈ ముక్క కూడా చెప్పింది, సిగ్గుపడకుండానే చెప్పింది, ఆ కాలం మనిషి. మా కోనేరు తేటగా ఉండటం వెనకాల ఈ లెక్క కూడా ఉంది.

ఇంకో అపోహ, తేట నీళ్ళంటే మంచి నీళ్ళని. బురద నీళ్ళు తేరడానికి చిల్లగింజ (ఇండుపగింజ అని కూడా అంటారు) అరగదీసి కలపడం చాలా పాత పద్ధతి. ఆ గింజ పేరు తలుచుకున్నంత మాత్రాన నీళ్ళు తేరవు అని మనుస్మృతిలో ఒక పోలిక కూడా ఉంది. పటిక కూడా అంతే. ఇవి మట్టి రేణువుల్ని ముద్దగా చేసి కిందికి దించుతాయి, అంతవరకే. అసలు చంపే క్రిమి కంటికి కనబడదు. పైన చెప్పిన మన్రోనే తీసుకోండి. మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827 జూలైలో తన పాత జిల్లాలు చూసుకోవడానికి వచ్చి, పత్తికొండలో కలరా తగిలి పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు (తర్వాత మద్రాసుకి మార్చారు). ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో ప్రభుత్వం తోపు వేయించి, రాతికట్టుతో బావి తవ్వించింది. కలరా నీళ్ళతో వస్తుందని జాన్ స్నో లండన్‌లో పంపు పిడి ఊడదీయించింది 1854లో. అంటే కలరాతో పోయిన మనిషికి స్మారకంగా నీళ్ళ బావి, అప్పటికి ఎవరికీ ఆ సంబంధం తెలీదు.

దిగుడు బావుల చావుకి కారణం కూడా కనబడని పురుగే. నారికురుపు. కాలి పుండులోంచి పురుగు బయటపడుతున్న మనిషి బావి మెట్లు దిగి నీళ్ళలో కాలు పెడితే దాని పిల్లలు నీళ్ళలో పడతాయి. నీటిలో ఉండే చిన్న సైక్లాప్స్ పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు తాగినవాడికి ఏడాదికి మళ్ళీ కురుపు. ఆంధ్రప్రదేశ్ ఈ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. 1980లలో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో దిగుడు బావుల మెట్లు మూయించి చేదబావులుగా మార్చడం పెద్ద భాగం. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి నారికురుపు లేదని ధ్రువీకరణ ఇచ్చింది. ఇది మంచి పని, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ బోర్లు వచ్చాక, 1995-96లో సత్యసాయి నీళ్ళ పథకం జిల్లాలో ఏడొందల పైచిలుకు ఊళ్ళకి కొళాయిలు తెచ్చాక, బావీ కోనేరూ ఎవరికీ అక్కర్లేని సొత్తయిపోయాయి. తాగని నీళ్ళని ఎవడు తోడతాడు? మా కోనేరు ఇరవై ఏళ్ళు ఎండిపోయి, చెత్త కుండీగా బతికింది.

తర్వాత జరిగిందే అసలు మలుపు. హంద్రీ-నీవా కాలవలో 2012 నుంచి కృష్ణా నీళ్ళు మా జిల్లాకి వస్తున్నాయి. మా చెరువు దాకా రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. చెరువు నిండేసరికి కట్ట కింద కోనేట్లో ఊట పుట్టింది. ఊరంతా పండగ చేసుకున్నారు. కానీ ఇరవై ఏళ్ళ చెత్త, అడుగున పూడిక అలాగే ఉన్నాయి. వేసవిలో ఎండటమూ మానేసింది, తోడుడూ లేదు. తిండి ఉంది, ఎండ ఉంది, నీళ్ళు కదలవు. పాచికి ఇంకేం కావాలి? మా కోనేరుకి పాచి పట్టింది కరువు వల్ల కాదు, నీళ్ళు రావడం వల్ల. ఈ ముక్క గుంపులో రాస్తే ముందు ఎవరూ నమ్మలేదు.

ఇక మైలతుత్తం. దీనికీ పెద్ద చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర ద్రాక్షతోటల వాళ్ళు, దారిన పోయేవాళ్ళు పళ్ళు కొయ్యకుండా, దారి పక్క తీగలకి మైలతుత్తం, సున్నం కలిపి చల్లేవారట, చూడ్డానికి విషంలా ఉంటుందని. ఆ తీగలకి బూజు తెగులు రాకపోవడం చూసిన మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో దాన్ని మందుగా ప్రకటించాడు. మా చీనీ తోటల రైతులు ఇప్పటికీ 'బోర్డో' అని చెట్ల మొదళ్ళకి పూసేది అదే. 1904లో అమెరికా వ్యవసాయ శాఖలో మూర్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు, నీళ్ళలో చాలా కొద్దిగా మైలతుత్తం కలిపితే పాచి చస్తుందని ఒక బులెటిన్ వేశారు. అక్కణ్ణుంచి నీటి సరఫరా వాళ్ళందరికీ అదే మంత్రం. పనిచేస్తుంది కూడా. కాదనను.

ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నదే ప్రశ్న. మిన్నెసోటాలో ఫెయిర్‌మాంట్ అనే ఊరి చెరువుల్లో 58 ఏళ్ళపాటు మైలతుత్తం వేస్తూ పోయారు. ఆ తర్వాత లెక్కలు తీసి 1984లో ఒక పేపరు వచ్చింది. వేసినప్పుడల్లా పాచి తాత్కాలికంగా చచ్చింది. రాగి మాత్రం అడుగు మట్టిలో పేరుకుంది. చచ్చిన పాచి కుళ్ళి ప్రాణవాయువు తినేసి చేపలు చచ్చాయి. కొన్ని రకాల పాచి రాగికి అలవాటు పడి మోతాదు పెంచాల్సొచ్చింది. మామూలు పచ్చపాచి పోయి దాని స్థానంలో నీలి ఆకుపచ్చ పాచి వచ్చింది, కొన్ని రకాల్లో విషం ఉండేది ఈ జాతికే. ప్యాచ్ మీద ప్యాచ్ వేసుకుంటూ పోయిన కోడ్ చివరికి ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా. అచ్చం అంతే.

మా ఊళ్ళో ఇంకో రెండు చిక్కులు. ఒకటి, మా నీళ్ళు గట్టి నీళ్ళు, క్షారం ఎక్కువ. అలాంటి నీళ్ళలో రాగి కార్బొనేటుగా మారి అడుక్కి దిగిపోతుంది. కాబట్టి పుస్తకంలో మోతాదు చాలదు, ఇంకా వెయ్యాలి. రెండోది, కోనేరు దిగువ మెట్ల దగ్గర రోజూ మధ్యాహ్నం గొర్రెలు నీళ్ళు తాగుతాయి. పశువులన్నిట్లోకీ రాగి పడనిది గొర్రెకే. కాస్త కాస్తగా కాలేయంలో దాచుకుని ఒక రోజు హఠాత్తుగా పడిపోతుంది. అదీగాక పాచి కణాలు ఒక్కసారిగా చితికితే వాటిలో ఉన్న విషమంతా ఒకేసారి నీళ్ళలోకి వస్తుంది. "ఒక బస్తా కొడదాం" అన్నవాళ్ళలో గొర్రెలున్నవాడు ఒక్కడూ లేడు. మందలున్నవాళ్ళు ఆ వాట్సాప్ గుంపులో లేరు. నాకు నిద్ర పట్టనిది ఇక్కడే. పదివేల మైళ్ళ అవతల కూర్చుని, పూల్ షాపు జ్ఞానంతో నేను సరే అని ఉంటే?

క్లోరిన్ పోద్దామా అని ఇంకో వర్గం. బ్లీచింగ్ పౌడర్ 1799లో టెనంట్ అనే స్కాట్లండు వ్యాపారి బట్టలు తెల్లబరచడానికి తీసుకొచ్చింది. ఊరి నీళ్ళలో దాన్ని పెద్ద ఎత్తున, శాశ్వతంగా కలిపే పని అమెరికాలో మొదట చేసింది 1908 సెప్టెంబరులో, జెర్సీ సిటీకి నీళ్ళిచ్చే జలాశయం దగ్గర, జాన్ లీల్ అనే డాక్టరు. ఎవర్నీ అడగలేదు. అప్రూవల్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకే. కోర్టు కేసు కూడా అయింది, ఆయనే గెలిచాడు. టైఫాయిడ్ నుంచి ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. కానీ మూత పెట్టిన తాగునీటి ట్యాంకు వేరు, ఎండలో తెరిచిన కోనేరు వేరు. ఎండకి క్లోరిన్ కొన్ని గంటల్లో పోతుంది. పైగా నీళ్ళ పీహెచ్ 7 ఉంటే క్లోరిన్‌లో నాలుగింట మూడు వంతులు బలమైన రూపంలో ఉంటుంది, 8 దాటితే నాలుగో వంతు కూడా మిగలదు. మా వైపు నీళ్ళు ఎనిమిది దగ్గరే తచ్చాడుతుంటాయి.

ఈ లెక్క నాకన్నా ముందు మా నాయనకి తెలుసు. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం వచ్చాక మా చీనీ తోటకి డ్రిప్ పడింది. మొదట్లో ఆరొందల అడుగుల బోరు, ఇప్పుడు షీటు పరిచిన నీళ్ళ కుంట. ఆ కుంటలో పాచి డ్రిప్ పైపుల్లోకి పోయి రంధ్రాలు మూసేస్తుంది. చెట్టుకు నీళ్ళు అందటంలేదని ఆకు వాడినదాకా తెలీదు. కుంట పక్కన ఉండే శాండ్ ఫిల్టరూ, మా పూలు పక్కన ఉండే శాండ్ ఫిల్టరూ ఒకటే యంత్రం, వెనక్కి నీళ్ళు తిప్పి కడిగే పద్ధతితో సహా. నాయన ఉప్పు పొరకి యాసిడ్ ఒక రోజు పెడతాడు, పాచికి క్లోరిన్ ఇంకో రోజు పెడతాడు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, కాబట్టి ఒకే రోజు ఎప్పుడూ పెట్టడు (పూలు ఉన్నవాళ్ళు ఈ ఒక్క ముక్కన్నా గుర్తుంచుకోండి). కుంటమీద సగానికి నల్ల షేడ్‌నెట్ కట్టాడు. "ఎండ తగలకుంటే పాచి యాడ పుడుతుంది" అంటాడు. పాత దిగుడు బావులు ఇరుకుగా, లోతుగా ఉండి ఎందుకు తేటగా ఉండేవో, వెడల్పాటి కోనేళ్ళకి ఎందుకు ఏటా తోడుడు కావలసొచ్చేదో అప్పుడు వెలిగింది నాకు.

గుంపులో ఇదంతా ముక్కలు ముక్కలుగా రాశాను. తిట్లు తిన్నాను. "పని చెయ్యమంటే పీహెచ్‌డీ చేస్తున్నాడు" అన్నాడొకడు. నేనడిగింది ఒకటే: మైలతుత్తానికి పోగైన డబ్బు, మండపానికి ఇస్తామన్నవాళ్ళ డబ్బులో కొంత కలిపి, పాత పద్ధతిలో తోడిద్దాం, అయితే కూలి పూర్తిగా ఇచ్చి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైందే మా జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంలో చెరువుల పూడిక తీసిన చేతులు ఊళ్ళో బోలెడున్నాయి, వాళ్ళకి పని నేర్పే అవసరం లేదు. చివరికి ఒప్పుకున్నది నా వాదన చూసి కాదు. గొర్రెల సంగతి విని, మందలున్న ఒక పెద్దాయన నేరుగా సర్పంచు ఇంటికి పోయి కూర్చున్నాడట.

మే నెలలో పని. సందులోకి జేసీబీ పట్టలేదు, అదే మంచిదయింది, రాళ్ళు కదలకుండా బతికాయి. ఇంజన్లు పెట్టి నాలుగు రోజులు తోడారు. ఆ నీళ్ళు పక్క పొలాలకి పెట్టారు. పూడిక తియ్యడానికి పన్నెండు రోజులు. ప్లాస్టిక్ కవర్లు, షాంపూ పొట్లాలు, రంగులేసిన వినాయకుడి ముక్కలు, ఒక సైకిల్ చక్రం. కోనేరుకి పదకొండు మెట్లే అని మా తరం వాళ్ళందరం అనుకునేవాళ్ళం, పదిహేడున్నాయి. ప్లాస్టిక్ ఏరేశాక మట్టి అరవై ట్రాక్టర్ల దాకా వచ్చింది, దానికి క్యూ కట్టారు. మా తోటకీ నాలుగు ట్రాక్టర్లు. గుడ్డలుతికే బండని పక్కకి మార్చి సబ్బు నీళ్ళకి వేరే కాలవ తీశారు. జూన్‌లో ఊట మూడు మెట్ల మీదికి వచ్చింది. అంచుల్లో కాస్త పచ్చదనం ఉంది, ఉంటుంది కూడా. చేపపిల్లల్ని వదిలారు. వచ్చే ఏడు మళ్ళీ తోడతారో లేదో చూడాలి, నాకు సగం నమ్మకమే.

పోయిన ఆదివారం నాయన ఫోన్ చేశాడు. కోనేరు కబుర్లన్నీ అయ్యాక హఠాత్తుగా, "అవునూ, మీ పెరట్లో కొలను ఎట్ల బాగు చేసినావు?" అన్నాడు.

ఇంక దాచలేకపోయాను. "సగం నీళ్ళు పారబోసినా నాయనా."

కాసేపు ఏమీ వినబడలేదు. "సగమంటే?"

"ఏడు ట్యాంకర్లు."

"చెట్లకన్నా పెట్టినావా?"

"లేదు. వీధి కాలవలోకి పోయినాయి."

"సరేలే. ఫిల్టర్ కడగాల, పెట్టేస్తా" అన్నాడు.